రక్షణ చట్టమా, శిక్షా చట్టమా? – గుంటూరు, ప్రకాశం మైదానాల నేపథ్యంలో దేవదాసీ నిషేధం నుంచి మానవ అక్రమ రవాణా నిరోధం దాకా ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

స్త్రీల క్రయవిక్రయాన్ని ఆపడానికి చట్టం ఎవరిని శిక్షించాలన్న ప్రశ్న తెలుగునేలకు కొత్తది కాదు. యాంటీ నాచ్ ఉద్యమం, 1929 నాటి ఇనాం సవరణ, 1947 నాటి దేవదాసీ చట్టం, 1956 నాటి కేంద్ర చట్టం, 2013 నాటి శిక్షాస్మృతి సవరణ వరుసగా ఈ ప్రశ్నకు వేర్వేరు జవాబులిచ్చాయి. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప మైదానాలను నేపథ్యంగా తీసుకొని ఆ జవాబులను ఈ వ్యాసం పోల్చి చూస్తుంది. స్త్రీ చేతికి భూమి వంటి ఆధారాన్ని అందించిన చట్టానికి, ఆమె బతుకుతెరువును మాత్రమే నేరంగా ప్రకటించిన చట్టానికి మధ్య ఉన్న భేదమే ఈ చరిత్రలో కీలకమని వాదిస్తుంది. చట్టాల తెలుగు పేర్లు ఈ చర్చను ఎలా పక్కదారి పట్టించాయో కూడా చూపుతుంది.

కీలక పదాలు: దేవదాసీ, కలావంతులు, ఇనాం, మేజువాణి, అనైతిక వ్యాపార నిరోధక చట్టం, అక్రమ రవాణా, పునరావాసం.

1. ఉపోద్ఘాతం

గుంటూరు, ప్రకాశం ప్రాంతం పాలనాపరంగా చాలాసార్లు చేతులు మారింది. నేటి ప్రకాశం జిల్లా 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఏర్పడింది. 2022 పునర్వ్యవస్థీకరణలో పల్నాడు, బాపట్ల జిల్లాలు విడివడ్డాయి. సరిహద్దులు ఎన్నిసార్లు మారినా ఈ నేల స్వభావం మారలేదు. నల్లరేగడిలో పత్తి, మిరప, పొగాకు. పడమటి మెట్టలో వాన మీద ఆధారపడిన సేద్యం. తూర్పున మద్రాసును కలకత్తాతో కలిపే రహదారి, రైలు మార్గం. వ్యాపార పంటలు డబ్బును తెచ్చాయి, అప్పునూ తెచ్చాయి. కూలి కోసం ఊరు విడిచే అలవాటు కూడా వాటితోనే బలపడింది. స్త్రీల క్రయవిక్రయం గురించిన చర్చను ఈ ఆర్థిక నేపథ్యం నుంచి వేరుచేస్తే అది నీతిచర్చగా మాత్రమే మిగులుతుంది.

పడుపువృత్తిని నేరంగా పరిగణించాలా వద్దా అన్న విషయంలో నేడు ప్రధానంగా నాలుగు వైఖరులు కనిపిస్తాయి. వృత్తిని మొత్తంగా నిషేధించి అందరినీ శిక్షించాలన్నది ఒకటి. స్త్రీని విడిచి కొనేవాడిని, దళారిని శిక్షించాలన్నది రెండవది. లైసెన్సులు, వైద్య పరీక్షలతో ప్రభుత్వమే క్రమబద్ధం చేయాలన్నది మూడవది. వయోజనుల ఇష్టపూర్వక వృత్తిని నేర పరిధి నుంచి తొలగించి, బలవంతాన్ని, బాలికల దోపిడీని మాత్రమే శిక్షించాలన్నది నాల్గవది. ఈ నాల్గింటినీ స్వీడన్, న్యూజిలాండ్ వంటి దేశాల ఉదాహరణలతో చర్చించడం పరిపాటి. ఈ వైఖరులలో చాలావాటికి మన చరిత్రలోనే పూర్వరూపాలున్నాయి. వాటి ఫలితాలు కూడా మన ముందున్నాయి. వాటిని వెలికితీసి పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. సాని నుంచి బాధితురాలి దాకా: పదాల ప్రయాణం

కాకతీయుల కాలపు ఆంధ్ర శాసనాల్లో ‘సాని’ గౌరవవాచకం. ‘స్వామిని’ నుంచి వచ్చిన ఈ మాట రాజకుటుంబ స్త్రీల పేర్ల చివరా, ఆలయ సేవలోని స్త్రీల పేర్ల చివరా కనిపిస్తుంది. శాసనాల ఆధారంగా ఆ కాలపు సమాజాన్ని అధ్యయనం చేసిన సింథియా టాల్బట్, గుడిసానులు దాతలుగా శాసనాలకెక్కిన తీరును గుర్తించారు. వారిలో పలువురు తమ తండ్రుల పేర్లు చెప్పుకున్నారు. ఆ తండ్రులలో సమాజంలో స్థానం ఉన్నవారు కనిపిస్తారు. గుంటూరు జిల్లా చేబ్రోలుకు ఈ చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. గణపతిదేవుని గజసేనాధిపతి, ‘నృత్తరత్నావళి’ కర్త జాయపసేనాని ఆలయ నిర్మాణం చేసిన ఊరు అది. నృత్యశాస్త్రం రాసినవాడు, ఆలయం కట్టించినవాడు ఒక్కడే కావడం ఆనాడు ఆలయానికీ నాట్యానికీ ఉన్న సంబంధాన్ని చెబుతుంది.

ఇంతటి గౌరవవాచకం ఆధునిక వ్యవహారంలో ‘సానిది’, ‘సానికొంప’ వంటి తిట్లుగా దిగజారింది. ‘భోగం’ అన్న మాట స్త్రీని అనుభవ వస్తువుగా చూసే దృష్టిని తనలోనే నింపుకొంది. ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాల్లో ఆ సమాజంలోని వారు ‘కలావంతులు’ అన్న పేరును నిలబెట్టుకోవడానికి ప్రయత్నించడంలో ఆంతర్యం ఇదే. తమను దేహంతో గాక కళతో గుర్తించాలన్న కోరిక ఆ పేరులో ఉంది.

నేటి వ్యవహారంలో రెండు మాటలు ప్రత్యేకంగా ఆలోచించదగినవి. మొదటిది ‘వ్యభిచారం’. తెలుగులో ఈ ఒక్క మాటే డబ్బుకు దేహసంబంధం పెట్టుకోవడాన్నీ, వివాహేతర సంబంధాన్నీ సూచిస్తుంది. భారత శిక్షాస్మృతి 497వ సెక్షనును సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 27న కొట్టివేసినప్పుడు తెలుగులో దాన్ని వ్యభిచార సెక్షను అనే వ్యవహరించారు. దానికి పడుపువృత్తితో సంబంధం లేదు. రెండు భిన్న విషయాలను ఒకే నిందావాచకం కింద చేర్చిన భాషలో న్యాయచర్చ స్పష్టంగా సాగడం కష్టం. రెండవది ‘అక్రమ రవాణా’. ఈ మాట ఇసుకకు, గంజాయికి, రేషను బియ్యానికి వాడిన మాటే. అది దృష్టిని ప్రయాణం మీదికి మళ్లిస్తుంది. నిజానికి నేరం ప్రయాణంలో లేదు. మోసంలోనో, బలవంతంలోనో, నిస్సహాయతను వాడుకోవడంలోనో ఉంది. ఊరు దాటకుండానే ఈ నేరం జరగవచ్చు. ఊరు దాటి వెళ్లిన ప్రతి స్త్రీ బాధితురాలు కానక్కరలేదు. 2000 సంవత్సరంలో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన పాలెర్మో ప్రోటోకాల్ నిర్వచనంలో చర్య, పద్ధతి, ఉద్దేశం అన్న మూడు అంశాలున్నాయి. మన తెలుగు మాటలో వాటిలో చివరి రెండూ వినిపించవు.

3. తొలి చట్టాలు, ఇనాం భూమి

1860 నాటి శిక్షాస్మృతిలో 372, 373 సెక్షన్లు బాలికలను వ్యభిచారం కోసం అమ్మడాన్ని, కొనడాన్ని నేరం చేశాయి. 1924 సవరణ ఆ వయఃపరిమితిని పదహారు నుంచి పద్దెనిమిదికి పెంచింది. కలావంతుల ఇళ్లలో కూతురిని దత్తత తీసుకోవడం, తల్లి ఆస్తి కూతురికి చెందడం ఆచారం. ఆ దత్తతలు ఈ సెక్షన్ల కింద నేరవిచారణకు వచ్చాయి. అదే సమయంలో సివిలు వ్యాజ్యాల్లో ఆ ఆచారాన్ని మద్రాసు హైకోర్టు ఒక మేరకు గుర్తించింది. ఒకే దత్తత ఒక కోర్టు గదిలో వారసత్వ హక్కుగాను, మరొక గదిలో నేరంగాను నిలిచే పరిస్థితి ఏర్పడింది.

మరోవైపు 1868 నాటి అంటువ్యాధుల చట్టం పడుపువృత్తిలోని స్త్రీలను నమోదు చేసి, నిర్బంధ వైద్య పరీక్షకు గురిచేసింది. సైనికుల ఆరోగ్యమే దాని ఉద్దేశం. ఇంగ్లండులో జోసెఫిన్ బట్లర్ నడిపిన ఉద్యమ ప్రభావంతో 1888లో భారతదేశంలోనూ ఆ చట్టం రద్దయింది. ప్రభుత్వ క్రమబద్ధీకరణ అన్న వైఖరిని మన దేశం అప్పుడే చవిచూసింది. అందులో పరీక్షకు గురైనది స్త్రీ మాత్రమే.

తెలుగునాట కందుకూరి వీరేశలింగం, రఘుపతి వెంకటరత్నం నాయుడు మేజువాణీలకు వ్యతిరేకంగా గళమెత్తారు. 1893లో మద్రాసు సంఘసంస్కర్తలు నాచ్‌లకు హాజరు కావద్దని వైస్రాయికి, గవర్నరుకు విన్నవించుకున్నారు. ప్రభుత్వం ఆ విన్నపాన్ని అంగీకరించలేదు. ఈ ఉద్యమపు తొలి గురి చూసేవాడి మీదే ఉందన్న విషయం గమనార్హం. పెద్దమనుషులు మేజువాణీలు పెట్టించవద్దు, వాటికి వెళ్లవద్దు అన్నది దాని పిలుపు. అయితే ఆ స్త్రీల బతుకుతెరువు మాటేమిటన్న ప్రశ్న ఆ పిలుపులో వెనుకబడింది. ఆ లోపాన్ని పట్టుకున్నది సాహిత్యం. ‘కన్యాశుల్కం’లో గురజాడ యాంటీ నాచ్ వాదాన్ని నమ్మిన సౌజన్యారావు పంతులు ఎదుట మధురవాణిని నిలబెట్టారు. సంస్కర్త సూత్రాలను ఆ సూత్రాల భారం మోసే స్త్రీ ప్రశ్నించడం ఆ నాటకంలోని గొప్ప ఘట్టాల్లో ఒకటి.

శాసనసభలో ఈ ప్రశ్నకు పాక్షికమైన జవాబు ఇచ్చినవారు డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి. ఆమె స్వయంగా దేవదాసీ కుటుంబానికి చెందిన తల్లి కూతురు. ఆమె చొరవతో 1929లో మద్రాసు హిందూ మత ధర్మాదాయాల చట్టానికి సవరణ వచ్చింది. ఆలయ సేవకు ప్రతిఫలంగా దేవదాసీ అనుభవిస్తున్న ఇనాం భూమిని సేవ నుంచి విడదీసి, క్విట్ రెంటు చెల్లింపుపై ఆమెకే ఖాయం చేయడం ఆ సవరణ సారం. సేవ పోయినా భూమి మిగిలింది. దాస్యం నుంచి విముక్తిని ఆస్తి హక్కుతో ముడిపెట్టిన చట్టం ఈ మొత్తం చరిత్రలో ఇదొక్కటే అని చెప్పవచ్చు.

దీనికి పరిమితులు లేకపోలేదు. ఇనాం ఉన్నవారికే ఇది ఉపయోగపడింది. కోస్తా తెలుగు జిల్లాల కలావంతులలో చాలామంది అప్పటికే ఆలయం కంటే జమీందారుల, సంపన్నుల ఇళ్లలోని మేజువాణీలపై ఆధారపడ్డారని ఇటీవలి పరిశోధకులు, ముఖ్యంగా దవేష్ సోనేజీ చూపారు. వారికి విడదీయడానికి ఇనాం లేదు, పోగొట్టుకోవడానికి మాత్రం వృత్తి ఉంది. 1927లో మద్రాసు దేవదాసీల సంఘం శాసన ప్రయత్నాన్ని వ్యతిరేకిస్తూ విన్నపాలు సమర్పించడాన్ని సంప్రదాయ మొండితనంగా కొట్టివేయడం తగదు. తమను వేశ్యలతో సమానం చేయవద్దని, తమకు విద్య కావాలని వారు కోరారు. ఆ వ్యతిరేకతలో పాలుపంచుకున్న బెంగళూరు నాగరత్నమ్మ సంగీత విదుషి, ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను 1910లో పరిష్కరించి ప్రచురించిన పండితురాలు.

4. 1947: మేళం నేరమైన ఏడాది

‘రాధికా సాంత్వనము’ను బ్రిటిషు ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. ఒంగోలు ప్రాంతపు బిడ్డ టంగుటూరి ప్రకాశం పంతులు మద్రాసు ప్రధానిగా ఉన్న కాలంలో ఆ నిషేధం తొలగింది. ఒక కళావతి రాసిన, మరొక కళావతి పరిష్కరించిన కావ్యానికి విముక్తి లభించింది. ఆయన పదవి నుంచి దిగిపోయిన తరువాత అదే ఏడాది మద్రాసు దేవదాసీల (అంకిత నిరోధక) చట్టం, 1947లోని 31వ చట్టం వచ్చింది. కావ్యం విడుదలైన కాలంలోనే ఆటకు సంకెల పడింది.

ఈ చట్టం దేవునికి అంకితం చేయడాన్ని చెల్లదన్నది. అంకితమైన స్త్రీ చేసుకునే వివాహం చెల్లుతుందన్నది. ఈ రెండూ స్వాగతించదగినవే. కాని చట్టం అక్కడ ఆగలేదు. బోగం, కలావంతుల, సాని, నాగవాసులు, దేవదాసి, కుర్మాపులు అంటూ కొన్ని సమాజాలను పేరుపెట్టి చెప్పింది. ఊరేగింపులోనో మరోచోటనో మేళంలో, నృత్యంలో, సంగీతంలో పాల్గొన్నంత మాత్రాన ఆ సమాజపు స్త్రీ వ్యభిచార జీవితాన్ని స్వీకరించినట్లు భావించే ఆచారాన్ని చెల్లదన్నది. ఆచారాన్ని రద్దు చేయడం దీని ఉద్దేశంగా కనిపిస్తుంది. కాని అటువంటి ప్రదర్శన జరపడం, అందులో పాల్గొనడం కూడా శిక్షార్హమైంది. ఆరు నెలల వరకు సాధారణ జైలు, ఐదువందల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. ఎవరి విషయంలో ఆ తంతు జరిగిందో ఆ స్త్రీ కూడా శిక్షార్హుల జాబితాలో ఉంది. ఎవరిని కాపాడటానికి చట్టం వచ్చిందో ఆమెనే నిందితురాలిగా చేర్చిన ఈ నిబంధన తరువాతి చట్టాలకు నమూనా వంటిది.

ఉమ్మడి మద్రాసు రాష్ట్రానికంతటికీ వర్తించే చట్టంలో చేరిన కులాల పేర్లలో ఎక్కువ తెలుగువి కావడం గమనించాలి. మేళం, మేజువాణి అన్న రూపాలు తెలుగు జిల్లాల్లో గుడి వెలుపల బలంగా ఉండటమే దీనికి కారణం కావచ్చు. 1956లో ఆంధ్రలో జరిగిన సవరణతో వివాహాది శుభకార్యాల్లో నృత్యం మీద ఆంక్షలు మరింత బిగుసుకున్నాయి. కొద్ది దశాబ్దాల తరువాత నటరాజ రామకృష్ణ ఆ సమాజపు వృద్ధ కళాకారిణుల వద్దకు వెళ్లి అడుగులు, అభినయం సేకరించి ‘ఆంధ్రనాట్యం’గా పునర్నిర్మించవలసి వచ్చింది. నాట్యం సభావేదికకు ఎక్కింది. దాన్ని కాపాడిన కుటుంబాల స్త్రీలలో అత్యధికులు ఆ వేదికకు ఎక్కలేదు.

1929, 1947 చట్టాలను పక్కపక్కన పెడితే ఒక భేదం స్పష్టమవుతుంది. మొదటిది బంధాన్ని తెంచి ఆధారాన్ని మిగిల్చింది. రెండవది బంధంతో పాటు ఆధారాన్నీ తెంచింది, దాని స్థానంలో మరొకటి చూపలేదు.

5. స్థానిక సంస్కర్తలు: శరణాలయం, పాఠశాల

శాసనసభ చేయని పనిని కొందరు వ్యక్తులు చేయబూనారు. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు వితంతు వివాహాలతో మొదలుపెట్టి 1922లో శారదా నికేతనాన్ని స్థాపించారు. స్త్రీకి విద్య, వృత్తి నేర్పి సొంత కాళ్లపై నిలబెట్టడం వారి మార్గం. కనిగిరి ప్రాంతానికి చెందిన దరిశి చెంచయ్య అమెరికాలో చదువుకుంటూ గదర్ పార్టీలో చేరి, జైలు జీవితం అనుభవించి, తిరిగి వచ్చాక సంఘసంస్కరణకు అంకితమయ్యారు. కలావంతుల కుటుంబం నుంచి వచ్చిన యామినీ పూర్ణతిలకం మద్రాసులో హిందూ యువతీ శరణాలయాన్ని నడిపారు. చెంచయ్య ఆ కృషికి తోడ్పడ్డారు. ఆయన స్వీయచరిత్ర ‘నేనూ నా దేశం’ ఆ కాలపు సంస్కరణోద్యమాలకు విలువైన ఆధారం.

యామినీ పూర్ణతిలకం స్థానాన్ని మన సంస్కరణ చరిత్రలు తగినంతగా గుర్తించలేదు. ముత్తులక్ష్మి రెడ్డి వలెనే ఆమె లోపలి నుంచి మాట్లాడిన స్త్రీ. నాగరత్నమ్మ కూడా లోపలి నుంచే మాట్లాడారు, కాని వ్యతిరేక దిశలో. ఒకే సమాజపు అనుభవం నుంచి రద్దును కోరిన గొంతు, రద్దును ప్రతిఘటించిన గొంతు రెండూ రావడం నేటి చర్చకు ముఖ్యమైన పాఠం. నేడు కూడా ఈ కూపం నుంచి బయటపడిన బాధితురాళ్ల సంఘాలు ఒక మాట చెబుతున్నాయి, లైంగిక వృత్తిలో ఉన్నవారి సంఘాలు మరొక మాట చెబుతున్నాయి. ఒక వర్గాన్ని అసలైన గొంతుగాను, మరొక వర్గాన్ని మభ్యపడిన గొంతుగాను తేల్చే హక్కు పరిశోధకుడికి లేదు.

6. సంస్కరణ పేరిట నిర్బంధం: స్టూవర్టుపురం పోలిక

ఇదే మైదానంలో మరొక శాసన చరిత్ర ఉంది. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను నిర్బంధించడానికి బాపట్ల సమీపంలో స్టూవర్టుపురం సెటిల్మెంటు ఏర్పడింది. సాల్వేషన్ ఆర్మీ దాన్ని నిర్వహించింది. పుట్టుకతోనే ఒక సమాజాన్ని నేరస్థులుగా నమోదు చేయడం, సంస్కరణ పేరిట ఒకచోట కట్టిపడేయడం, అక్కడే పని చేయించడం ఆ విధానం సారం. ఉన్నవ ‘మాలపల్లి’లోని సెటిల్మెంటు ఘట్టాలు ఈ వ్యవస్థపై తెలుగు నవల చేసిన బలమైన విమర్శ. మంచి నేర్పుతామని తెచ్చిన చోటే మనిషి ఎంత నిస్సహాయమవుతాడో ఆ ఘట్టాలు చూపుతాయి.

నేరస్థ జాతుల చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశవ్యాప్తంగా 1952లో రద్దయింది. అంటే ఒక సమాజం పేరు నేరజాబితా నుంచి తొలగిన ఏడాదే మరికొన్ని సమాజాల పేర్లు మరొక చట్టంలోకి ఎక్కాయి. రెంటి ఉద్దేశాలు వేరు, తీవ్రత వేరు. కాని కులం పేరును నేరంతో పక్కపక్కన ముద్రిస్తే ఆ ముద్ర చట్టం రద్దయినా పోదన్నది రెండు సమాజాల అనుభవం. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘చింతామణి’ నాటక ప్రదర్శనను నిషేధించినప్పుడు చర్చంతా సుబ్బిశెట్టి పాత్ర ఒక కులాన్ని అవమానిస్తున్నదా అన్నదాని చుట్టూ సాగింది. ఆ నాటకం వేశ్యా కుటుంబపు స్త్రీలను ఎలా చూపిందన్న ప్రశ్న ఆ చర్చలో ప్రధానం కాలేదు.

7. 1956 చట్టం, దాని తెలుగు పేరు

ఐక్యరాజ్యసమితి 1949 డిసెంబరు 2న మనుషుల క్రయవిక్రయం, ఇతరుల వ్యభిచారంపై దోపిడీ నిరోధక ఒడంబడికను ఆమోదించింది. 1950లో భారతదేశం దానిపై సంతకం చేసింది. దాని ఫలితంగా 1956లో అనైతిక వ్యాపార నిరోధానికి కేంద్ర చట్టం వచ్చింది. 1986 సవరణతో దానికి నేటి పేరు స్థిరపడింది: అనైతిక వ్యాపార (నిరోధక) చట్టం. తెలుగు పత్రికలు, పోలీసు ప్రకటనలు దాన్ని తరచు ‘వ్యభిచార నిరోధక చట్టం’ అంటాయి. ఈ అనువాదం పొరపాటు మాత్రమే కాదు, చట్టం అర్థాన్నే తలకిందులు చేసేది. ఆ చట్టం కింద వ్యభిచారం దానికదే నేరం కాదు. గృహం నడపడం మూడవ సెక్షను కింద, ఆ సంపాదనపై బతకడం నాల్గవ సెక్షను కింద, స్త్రీలను సమకూర్చడం ఐదవ సెక్షను కింద నేరాలు. వ్యాపారం అన్న మాట తీసి వ్యభిచారం అన్న మాట పెట్టడంతో దృష్టి దళారి మీది నుంచి స్త్రీ మీదికి మళ్లింది.

అయితే తప్పంతా అనువాదానిది కాదు. చట్టంలోనే అటువంటి మలుపులున్నాయి. ఎనిమిదవ సెక్షను ప్రకారం బహిరంగ స్థలంలో విటులను ఆకర్షించడం నేరం. మొదటిసారి ఆరు నెలల వరకు, మళ్లీ చేస్తే ఏడాది వరకు జైలు. అదే నేరం పురుషుడు చేస్తే ఏడు రోజులకు తగ్గకుండా మూడు నెలల వరకే శిక్ష. పది-ఎ సెక్షను ఇంకా ఆలోచించదగినది. ఏడు, ఎనిమిది సెక్షన్ల కింద దోషిగా తేలిన స్త్రీని, జైలుశిక్షకు బదులుగా, రెండేళ్లకు తగ్గకుండా ఐదేళ్ల వరకు దిద్దుబాటు సంస్థలో ఉంచవచ్చు. శిక్ష వేస్తే ఆరు నెలలు, బాగుచేస్తే ఐదేళ్లు! స్టూవర్టుపురం తర్కం రూపం మార్చుకొని ఈ నిబంధనలో నిలిచి ఉంది. ఇరవయ్యో సెక్షను కింద ఒక స్త్రీని ఒక ప్రాంతం నుంచే వెళ్లగొట్టే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది. 1963లో సుప్రీంకోర్టు ఆ అధికారాన్ని సమర్థించింది.

దేవదాసీ ఆచారం విషయంలో ఆంధ్రప్రదేశ్ 1988లో కొత్త చట్టం చేసింది. అంకితం చేసేవారికి, ప్రోత్సహించేవారికి శిక్షను మూడేళ్ల వరకు పెంచింది. 1947 చట్టంతో పోలిస్తే శిక్ష పెరిగింది. 1929 సవరణలో ఉన్నట్టి ఆస్తి హామీ మాత్రం తిరిగి రాలేదు.

8. పంట, అప్పు, వలస

నేటి గుంటూరు, ప్రకాశం మైదానాల్లో ఆలయ అంకితం కంటే బతుకుతెరువు వలసే స్త్రీల దోపిడీకి ప్రధాన ద్వారం. ఈ నేల స్వయంగా వలసకు గమ్యం, వలసకు మూలం కూడా. మిరప కోతలకు కర్నూలు పడమటి మండలాల నుంచి, ప్రకాశం మెట్ట ప్రాంతాల నుంచి కుటుంబాలు గుంటూరు పొలాలకు వస్తాయి. ముఠా మేస్త్రి అడ్వాన్సు ఇస్తాడు. కోతలు ముగిసేదాకా కుటుంబం పొలం గట్టునో, కల్లం పక్కనో గుడారంలో ఉంటుంది. మరోవైపు పంట దెబ్బతిన్న కౌలు రైతు కుటుంబం నగరం వైపు, గల్ఫు వైపు చూస్తుంది. 1990ల చివర పత్తి రైతుల ఆత్మహత్యలు ఈ ప్రాంతాన్ని కుదిపేశాయి. 2021–22 సీజనులో నల్ల తామర పురుగు మిరప తోటలను తుడిచిపెట్టింది. పురుషుడు చనిపోయినా, విడిచిపోయినా అప్పు మాత్రం స్త్రీ పేరున మిగులుతుంది.

ఈ స్థితిలో ఇంటిపని ఇప్పిస్తాననో, దుకాణంలో ఉద్యోగం చూపిస్తాననో, పెళ్లి సంబంధం తెచ్చాననో వచ్చే దళారి సాధారణంగా అపరిచితుడు కాడు. బంధువో, అదే వాడలోని స్త్రీయో, పనికి కూలీలను తీసుకుపోయే మనిషో అయి ఉంటాడు. పనికి పిలిచే మాట, మోసానికి పిలిచే మాట మొదట్లో ఒకే విధంగా వినిపిస్తాయి. అందువల్ల కూలీల అక్రమ తరలింపును ఒక సమస్యగా, లైంగిక దోపిడీని వేరొక సమస్యగా చూసే పద్ధతి ఇక్కడ పనికిరాదు. రెండింటికీ ఊరిలోనే వేర్లున్నాయి: అడ్వాన్సు, అప్పు, ఆధారం లేకపోవడం.

జాతీయ రహదారి ఈ ప్రాంతానికి మరొక కోణాన్ని ఇచ్చింది. 2000ల తొలి సంవత్సరాల్లో హెచ్‌ఐవీ వ్యాప్తి అధికంగా నమోదైన జిల్లాల్లో గుంటూరు, ప్రకాశం ఉన్నాయి. ఆ కాలపు ఆరోగ్య కార్యక్రమాలు ఈ వృత్తిలోని స్త్రీలను నేరస్థులుగా గాక భాగస్వాములుగా పలకరించాయి. ఒకే స్త్రీని ఆరోగ్య శాఖ సహచర కార్యకర్తగా ఎంచుకోవడం, పోలీసు శాఖ ఎనిమిదవ సెక్షను కింద పట్టుకోవడం ఏకకాలంలో సాధ్యమైంది.

9. నేటి చర్చ: ఎవరు నిందితులు?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2003లో లైంగిక దోపిడీ కోసం జరిగే స్త్రీల, పిల్లల క్రయవిక్రయాన్ని అరికట్టేందుకు ప్రత్యేక విధానాన్ని ప్రకటించింది. 1996లో హైదరాబాదులో మొదలైన ప్రజ్వల, ఒంగోలు కేంద్రంగా పనిచేసిన హెల్ప్ వంటి సంస్థలు రక్షణ, పునరావాసం రంగంలో కృషిచేశాయి. ‘విముక్తి’ పేరుతో బాధితురాళ్లే ఒక వేదికగా ఏర్పడి పునరావాసం, పరిహారం కోసం గొంతెత్తడం ఈ ప్రాంతపు చరిత్రలో చెప్పుకోదగిన మలుపు. ఈ వేదికలకు కనిపించే సత్యం ఒకటి: చాలామంది బాలికలుగానే, మోసంతోనే ఈ కూపంలోకి వచ్చారు. తొలి అడుగులో బలవంతం ఉన్నప్పుడు తరువాతి ‘ఇష్టం’ ఎంత స్వేచ్ఛతో కూడినదని వారు అడుగుతారు.

కలకత్తాలోని దుర్బార్ మహిళా సమన్వయ కమిటీ వంటి సంఘాలకు కనిపించే సత్యం మరొకటి. దాడి పేరిట పోలీసులు వచ్చినప్పుడు పోయేది తమ ఇల్లు, తమ పిల్లల చదువు, తమ కూడబెట్టిన డబ్బు అని వారు చెబుతారు. కొనేవాడిని శిక్షించినా వ్యాపారం మరింత చాటుకు పోతుందని, తమ ప్రమాదం పెరుగుతుందని వాదిస్తారు. విటులను శిక్షించే నిబంధనతో 2006లో వచ్చిన సవరణ బిల్లు చట్టం కాలేకపోవడం వెనుక ఈ వాదన ఉంది. 2013 ఫిబ్రవరి ఆర్డినెన్సులో దోపిడీ నిర్వచనం కింద ‘వ్యభిచారం’ అన్న మాట చేరింది. అభ్యంతరాల అనంతరం చట్టంలో ఆ మాట తొలగింది. శిక్షాస్మృతి 370వ సెక్షను ఏ రూపంలోనైనా లైంగిక దోపిడీ అన్న పదబంధంతో స్థిరపడింది. నేడు భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షను దాని వారసురాలు.

2022 మే 19న బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వును వృత్తికి చట్టబద్ధత లభించినట్లు కొందరు వ్యాఖ్యానించారు. అది అతిశయోక్తి. కోర్టు నియమించిన ప్యానెలు సిఫారసుల్లో కేంద్రం అభ్యంతరం చెప్పనివాటిని అమలు చేయాలని ఆ ఉత్తర్వు ఆదేశించింది. వయోజన స్త్రీలను ఇష్టానికి వ్యతిరేకంగా రక్షణ గృహాల్లో ఉంచిన సందర్భాలను సమీక్షించాలని, మీడియా వారి గుర్తింపును బయటపెట్టరాదని, ఈ వృత్తిలోని వారికి కూడా రాజ్యాంగం ఇచ్చిన గౌరవప్రద జీవనహక్కు ఉందని అది స్పష్టం చేసింది. నిర్బంధ గృహాల ప్రశ్నను దేశ అత్యున్నత న్యాయస్థానం ప్రత్యేకంగా ప్రస్తావించడం గమనార్హం.

ఈ రెండు వాదాలకూ ఉమ్మడిగా ఒక అంశం ఉంది. బాధితురాళ్ల వేదిక గాని, వృత్తిలోని వారి సంఘం గాని స్త్రీని శిక్షించమని కోరడం లేదు. విభేదం కొనేవాడి గురించి, ‘ఇష్టం’ అన్న మాట గురించి. స్త్రీకి శిక్ష వద్దన్న విషయంలో ఇంతటి ఏకాభిప్రాయం ఉండగా, ఎనిమిదవ సెక్షను, పది-ఎ సెక్షను ఇంకా పుస్తకంలో ఉండటమే విచిత్రం. మధ్యలోని చర్చ ముగిసేదాకా ఈ రెండింటిని తొలగించడానికి ఆగవలసిన అవసరం కనిపించదు.

10. ముగింపు

ఈ పరిశీలన నుంచి తేలే అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

మొదటిది, రద్దు, క్రమబద్ధీకరణ, నిషేధం అన్న వైఖరులను తెలుగునేల 1868 నుంచి వివిధ రూపాల్లో అనుభవించింది. ఆ అనుభవం నేటి శాసన చర్చలో ఆధారంగా నిలవాలి.

రెండవది, 1929 సవరణ మాత్రమే విముక్తిని ఆస్తితో జతచేసింది. 1947, 1956, 1988 చట్టాలు శిక్షను పెంచాయి గాని ఆధారాన్ని పెంచలేదు. పునరావాసమంటే కుట్టుమిషను, నాలుగు గోడల గృహం అన్న అవగాహన ఈ లోపం నుంచి వచ్చినదే. స్త్రీ పేరున భూమి, అప్పు మాఫీ, కౌలు గుర్తింపు వంటివి అక్రమ రవాణా నిరోధంలో భాగమన్న అవగాహన ఈ మైదానాలకు మరీ అవసరం.

మూడవది, కాపాడవలసిన స్త్రీని నిందితుల జాబితాలో చేర్చే అలవాటు 1947 చట్టపు వివరణలో కనిపించి, నేటి చట్టంలోనూ కొనసాగుతున్నది. దిద్దుబాటు పేరిట నిర్బంధం అదే అలవాటుకు మరొక ముఖం.

నాల్గవది, భాష విషయంలో తెలుగు అధ్యాపకుల బాధ్యత ఉంది. అనైతిక వ్యాపార నిరోధక చట్టాన్ని దాని పేరుతోనే పిలవడం, ‘వ్యభిచారం’ అన్న మాటను న్యాయసందర్భంలో విచక్షణతో వాడటం, ‘అక్రమ రవాణా’ అన్నచోట మోసం, బలవంతం, దోపిడీ అన్న అంశాలు స్ఫురించేలా రాయడం పాఠ్యపుస్తకం నుంచి పత్రిక దాకా జరగవలసిన పని.

చేబ్రోలు శాసనకాలంలో గౌరవంగా చెక్కిన ‘సాని’ అన్న మాట తిట్టుగా మారడానికి కొన్ని శతాబ్దాలు పట్టింది. ఆ మాటకు పూర్వపు గౌరవం తిరిగి రాకపోవచ్చు. ఆ మాటతో పిలిపించుకున్న స్త్రీల వారసురాళ్లకూ, వారి వలెనే ఆధారం లేక దళారి చేతికి చిక్కుతున్న మిరప కూలీల కూతుళ్లకూ చట్టం ఏమి ఇస్తున్నదన్న ప్రశ్న మాత్రం మనముందే ఉంది. యామినీ పూర్ణతిలకం వంటి వారి కృషిపై, ఇనాం సవరణ తెలుగు జిల్లాల్లో అమలైన తీరుపై గ్రామస్థాయి రికార్డుల ఆధారంగా జరిగే పరిశోధన ఈ ప్రశ్నకు మరింత నిర్దిష్టమైన జవాబు ఇవ్వగలదు.